ఆ ఊరి గడియారం



అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో మేం దిగిన మొదటిరోజు. సాయంత్రం ఏడయింది. నాకూ మా ఆవిడకూ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. వీధి మలుపులో ఒక హోటలు కనిపించింది. బల్లల మీద తెల్లటి గుడ్డలు పరిచి ఉన్నాయి, గ్లాసులు బోర్లించి ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు. లోపల ఒక పెద్దాయన తీరిగ్గా స్పూన్లు తుడుచుకుంటున్నాడు. తలుపు తట్టాం. ఆయన మమ్మల్ని చూశాడు, గోడ గడియారం వంక చూశాడు, రెండు చేతులూ ఎత్తి తొమ్మిది వేళ్లు చూపించాడు. తొమ్మిది ఏమిటో మాకు అర్థం కాలేదు. ఆయన నవ్వి మళ్లీ గడియారం చూపించాడు. తొమ్మిది గంటలకు రమ్మని! "మనం పక్కలేసుకునే వేళకి వీళ్లు పొయ్యి వెలిగిస్తారన్నమాట" అంది మా ఆవిడ. గదికి తిరిగొచ్చి, సంచిలో మిగిలిన జంతికలు తిని పడుకున్నాం.

అక్కడ మూడు వారాలున్నాం. ఆ మూడు వారాల్లో మేం చేసిన పొరపాట్లలో చాలావాటికి మూలం ఒకటే: చేతికున్న గడియారాన్ని మార్చుకున్నాం కానీ లోపలున్న గడియారాన్ని మార్చుకోలేదు. ఆ ఊరికి వెళ్లాలనుకునే మన తెలుగువాళ్లకు ఈ పూట నేను చెప్పబోయేది ఆ రెండో గడియారం సంగతే.

మొదట, బయల్దేరే ముందు చూసుకోవలసినవి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనకముందే అర్జెంటీనా రాయబార కార్యాలయం వారు ఏం చెబుతున్నారో చూసుకోండి. మనవాళ్లు చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది, పచ్చజ్వరం టీకా. ఎల్లో ఫీవర్ అంటారు. ఆ జబ్బు ఉన్న దేశాల జాబితాలో మన ప్రభుత్వం అర్జెంటీనానూ బ్రెజిల్‌నూ కూడా చేర్చింది. రాజధాని నగరంలో ఆ బెడద లేకపోయినా, ఈశాన్యాన అడవుల వైపు ఉంది. కాబట్టి తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలో టీకా పత్రం అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం వారికి ఉంది. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదులో అయితే నారాయణగూడలోని ఐపీఎం. చివరి వారంలో గుర్తొస్తే లాభం లేదు. ఒకసారి వేయించుకుంటే మాత్రం జన్మకంతటికీ సరిపోతుంది.

మన దగ్గర్నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. దుబాయి మీదుగానో, ఆఫ్రికా మీదుగానో, యూరప్ మీదుగానో వెళ్లాలి. ఇంటి తలుపు దగ్గర్నుంచి లెక్కేస్తే ఒక రాత్రీ ఒక పగలూ దాటిపోతుంది. ప్రయాణ బీమా తప్పనిసరిగా తీసుకోండి. కరెంటు దాదాపు మన లాగే, 220 వోల్టులు. చార్జర్లకు భయం లేదు. ప్లగ్గు మాత్రం వేరు. ఆస్ట్రేలియాలో లాగా పలకల్లాంటి పుల్లలు ఏటవాలుగా ఉంటాయి. దానికి సరిపోయే అడాప్టర్ ఇక్కడే కొనుక్కుంటే మొదటి రాత్రి ఫోను చచ్చి కూర్చోదు.

ఇక రుతువులు. మన సంక్రాంతికి అక్కడ నడివేసవి, ఉక్కపోత. మన రోహిణీకార్తె ఎండలకు అక్కడ చలి మొదలవుతుంది. పిల్లల వేసవి సెలవులు కదా అని మే నెలలో నూలుచొక్కాలతో వెళ్తే వణకాల్సిందే. జూలైలో కోటు కావాలి. మంచు పడటం మాత్రం చాలా అరుదు. 2007 జూలై 9న పడితే, 1918 తర్వాత మళ్లీ అప్పుడేనని జనం వీధుల్లోకి వచ్చి ఆడుకున్నారు. వెళ్లడానికి హాయైన కాలాలు రెండు: మార్చి-ఏప్రిల్, అక్టోబరు-నవంబరు. నవంబరులో అయితే జకరండా చెట్లు ఊరంతా ఊదారంగు పూలు రాలుస్తాయి. 1890ల నుంచి ఊరి తోటల బాధ్యత చూసిన కార్లోస్ తైస్ అనే ఫ్రెంచి ఆయన పుణ్యం అది. జనవరిలో ఊళ్లోవాళ్లు సముద్రతీరాలకు చెక్కేస్తారు. కొన్ని దుకాణాలకు తాళాలు వేలాడుతుంటాయి.

మా ఆవిడకు వాస్తు పట్టింపు ఉంది. అక్కడ ఆవిడ లెక్కలన్నీ తారుమారయ్యాయి. మనకు చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు కదా, అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఉత్తరపు కిటికీ ఉన్న ఇంటికి అక్కడ గిరాకీ ఎక్కువ. చలికాలం వెళ్తే మీరూ ఉత్తరం వైపు గదే అడగండి, పగలంతా వెచ్చగా ఉంటుంది. ఎండను బట్టి దిక్కులు పోల్చుకునే అలవాటున్నవాళ్లు మాత్రం మొదటి రెండు రోజులూ ఎదురు దిక్కుకు నడుస్తారు. నేను నడిచాను. రాత్రి తలెత్తి చూస్తే చందమామలో కుందేలు కూడా తలకిందులుగానే కనిపించింది.

ఊళ్లో దిగాక. విమానాశ్రయాలు రెండు. విదేశీ విమానాలు ఎక్కువగా ఎసేసాలో దిగుతాయి. అది ఊరికి ముప్పై కిలోమీటర్ల పైనే ఉంటుంది. దేశం లోపల తిరిగే విమానాలు చాలావరకు నది ఒడ్డున ఊళ్లోనే ఉన్న ఏరోపార్కె నుంచి. ఇగ్వాసు జలపాతాలు చూడాలని ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కేవారు మధ్యలో నాలుగైదు గంటలైనా ఉంచుకోండి.

చిరునామా వెతకడం అక్కడ ఎంత సుళువో చెబితే మీరు నమ్మరు. ఊళ్లో చాలా భాగం చదరంగం బల్లలా గీసినట్టుంటుంది. ఒక వీధి మలుపు నుంచి ఇంకో మలుపు దాకా ఉన్న ముక్కను క్వాద్రా అంటారు. ప్రతి క్వాద్రాకూ ఇంటి నంబరు వంద పెరుగుతుంది. మీరు వెళ్లాల్సింది 1450 అయితే, 900ల దగ్గరున్నవాళ్లకు ఇంకో అయిదు క్వాద్రాలు నడవాలని తెలిసిపోతుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధులు రివదావియా అనే పెద్ద రోడ్డు దగ్గర పేరు మార్చుకుంటాయి, అక్కణ్నుంచే నంబర్లు మొదలవుతాయి. బై నంబర్ల మీద బై నంబర్లు వేసుకుని, రామాలయం వెనక సందు, వేపచెట్టు ఎదురిల్లు అని చెప్పుకునే మనకు ఇదొక వింత.

మెట్రోను అక్కడ సుబ్తె అంటారు. 1913 డిసెంబరు 1న మొదలైంది, లాటిన్ అమెరికాలో అదే మొదటిది. బస్సులకు నంబర్లే పేర్లు. దేనికైనా సూబె అనే కార్డు ఒకటి కొనుక్కుని డబ్బు వేయించుకుంటే సరిపోతుంది. బస్టాపులో జనం వరుసగా నిలబడతారు. మధ్యలో దూరితే ఎవరూ తిట్టరు కానీ అందరూ చూస్తారు. బస్సు వస్తుంటే చెయ్యి ఎత్తాలి, లేకపోతే ఆగదు. ఎక్కగానే ఎక్కడ దిగుతారో డ్రైవరుకు చెప్పి, ఆ తర్వాత కార్డు ఆనించాలి. ఊరి మధ్య నువేవె దె హూలియో అనే రోడ్డుంది. ప్రపంచంలో అతి వెడల్పయిన రోడ్లలో ఒకటి. ఒక్క సిగ్నల్లో దాటేద్దామని పరిగెత్తకండి. మధ్యలో దిమ్మెలున్నది ఆగడానికే. ఆగినప్పుడు తలెత్తితే ఒబెలిస్కు కనిపిస్తుంది. ఊరు మొదటిసారి వెలసిన నాలుగు వందల ఏళ్లకు గుర్తుగా 1936లో కట్టిన కాంక్రీటు స్తంభం.

ఇక తిండి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మధ్యాహ్నం భోజనం ఒంటిగంట తర్వాత. సాయంత్రం అయిదు ఆరు మధ్య కాఫీ, దానితో ఏదో ఒక రొట్టె. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. పదయినా ఎవరూ తొందరపడరు. రాత్రి పది గంటలకు మా ముందు పళ్లెం పెట్టేటప్పటికి హైదరాబాదులో ఉదయం ఆరున్నర. మా అత్తగారు ఫోను చేసి, వెనక సుప్రభాతం వినిపిస్తుంటే, "ఇంకా తినలేదా అమ్మా!" అని ఆశ్చర్యపోయేవారు. ఈ లెక్క తెలిశాక మేం సాయంత్రం కాఫీని గట్టి ఫలహారంగా మార్చుకున్నాం. సమస్య తీరింది.

శాకాహారులు ఒక్క ముక్క జాగ్రత్తగా వినండి. అది గొడ్డుమాంసం ఊరు. కార్నె అంటే మాంసమని నిఘంటువు చెబుతుంది కానీ అక్కడివాళ్ల నోట కార్నె అంటే ఎద్దుమాంసమే. "కార్నె వద్దు" అంటే సరేనని కోడి తెస్తారు, లేకపోతే పంది తొడమాంసం పలచగా కోసి జున్నుతో కలిపి తెస్తారు. వాళ్ల తప్పేం లేదు, మనం అడిగిందే ఇచ్చారు. అందుకని దండకంలా ఇలా చదవాలి: సిన్ కార్నె, సిన్ పోషో, సిన్ హమోన్, సిన్ పెస్కాదో. ఎద్దు, కోడి, పంది, చేప ఏదీ లేకుండా అని. ఇంకొకటి, గ్రాసా. అంటే కొవ్వు. సాయంత్రం కాఫీతో తినే నెలవంక రొట్టెలు రెండు రకాలు: వెన్నతో చేసినవి, కొవ్వుతో చేసినవి. మాంతేకా అంటే వెన్న. ఆ మాట ఒక్కటి పట్టుకోండి.

ఎంపనాదా అని ఒకటుంది. మొదటిసారి అద్దాల బీరువాలో వాటిని చూడగానే మా ఆవిడ, "ఏమండీ, ఇవి కజ్జికాయలు కదూ!" అంది. కజ్జికాయలే. అదే అర్ధచంద్రం, అదే అంచు మడత. లోపల కొబ్బరి, బెల్లం బదులు మాంసమో, జున్నో, ఆకుకూరో ఉంటుంది. మా ఆవిడ వంగి వంగి చూసి ఇంకో సంగతి పట్టుకుంది. అన్నిటికీ అంచు ఒకేలా మడవలేదు. ఒకదానికి తాడు పేనినట్టుంది, ఇంకోదానికి ఫోర్కుతో నొక్కిన గీతలున్నాయి, మరోదానికి రెండు కొసలూ కలిపేశారు. కాల్చాక లోపల ఏముందో తెలియదు కాబట్టి అంచు మడతే గుర్తు. ఏ మడతకు ఏ కూరో అంగడికీ అంగడికీ మారుతుంది. గోడ మీద బొమ్మల పట్టిక అంటించి ఉంటుంది, లేదా పెట్టె మూత మీద అచ్చు వేసి ఉంటుంది. మొక్కజొన్నది ఉమీతా, జున్ను ఉల్లిపాయలది కేసో ఇ సెబోషా, ఆకుకూరది వెర్దూరా. పిండిలో కొవ్వు కలిపే అలవాటు కూడా ఉంది, పట్టింపున్నవాళ్లు అడిగి తినండి. ఆ ఊళ్లో ఇటలీ నుంచి వచ్చిన వలసలు ఎక్కువ కాబట్టి పిజ్జాకు లోటుండదు. పిజ్జా ముక్క మీద ఫైనా అనే శనగపిండి రొట్టె పెట్టి తింటారు. మన శనగపిండి అట్టు కాస్త మందంగా పోసినట్టుంటుంది. ప్రతి నెలా 29న బంగాళాదుంప పిండితో చేసిన ఞోకీలు తింటారు. పళ్లెం కింద ఒక నోటు పెట్టుకుంటే వచ్చే నెల చేతిలో డబ్బాడుతుందని నమ్మకం.

కుళాయి నీళ్లు తాగొచ్చు. బిల్లు మనం అడిగేదాకా తేరు. గంటలు కూర్చున్నా లేవమనరు. బిల్లులో కుబియెర్తో అని ఒక చిన్న మొత్తం ఉంటే కంగారుపడకండి, రొట్టెకూ బల్లకూ అది. పైన పది శాతం టిప్పు ఇవ్వడం వాడుక.

మాతే గురించి చెప్పకపోతే తప్పవుతుంది. అది ఎండిన ఆకుల కషాయం. చిన్న సొరబుర్రలో ఆకు నింపి, వేడినీళ్లు పోసి, లోహపు గొట్టంతో పీలుస్తారు. ఒకే బుర్ర, ఒకే గొట్టం, చుట్టూ కూర్చున్న అందరికీ. ఎంగిలి! పార్కులో పరిచయమైన ఒక కుటుంబం మాకు అందిస్తే మా ఆవిడ ముఖం చూడాలి. అక్కడ ఒక మర్యాద ఉంది. బుర్ర తిరిగి ఇచ్చేటప్పుడు "గ్రాసియాస్", అంటే థాంక్స్ అన్నారా, ఇక చాలు అని అర్థం. నేను మొదటి గుక్కకే మర్యాదకొద్దీ గ్రాసియాస్ అన్నాను. ఆ పూటంతా నా వంతు మళ్లీ రాలేదు. మా ఆవిడ ఏమీ అనకుండా తల ఊపింది, ఆవిడకు నాలుగు సార్లు వచ్చింది. ఎంగిలి సంగతి రెండోసారికే మరిచిపోయింది. గొట్టాన్ని మాత్రం కదపకూడదు, కలపకూడదు.

డబ్బు విషయానికొస్తే, ఆ దేశంలో ధరలు పరిగెత్తే గుర్రాలు. 2023లో ఒక్క ఏడాదిలో ధరలు మూడు రెట్లు అయ్యాయి. కాబట్టి పోయినేడు వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన ధరలు ఈ ఏడు పనికిరావు. బోర్డు మీద డాలరు గుర్తు కనిపిస్తే గుండె పట్టుకోకండి. వాళ్ల పేసోకు కూడా అదే గుర్తు. చుక్క, కామా కూడా మనకు తిరకాసే: 12.500 అంటే పన్నెండున్నర కాదు, పన్నెండు వేల అయిదు వందలు. ఫ్లోరిదా వీధిలో "కాంబియో, కాంబియో" అని అరుస్తూ డాలర్లు మార్చేవాళ్లు నిలబడి ఉంటారు. చెట్లలా కదలకుండా నిలబడతారు, చేతిలో పచ్చనోట్ల ఆకులు, అందుకే వాళ్లను ముద్దుగా చిన్నచెట్లు అంటారు. ఆ నీడకు పోకండి. కార్డుతోనూ, సరైన మారకం దుకాణంలోనూ పని జరుపుకోండి. డాలర్లు పట్టుకెళ్తే మడతలూ మరకలూ లేని వంద నోట్లే తీసుకెళ్లండి.

దొంగతనాల సంగతి. భయపడాల్సిన ఊరు కాదు, ఏమరుపాటు పనికిరాని ఊరు. ఒక రోజు నడుస్తుంటే నా కోటు భుజం మీద పసుపుపచ్చటి జిగురు ఏదో పడింది. వెంటనే ఒకావిడ, "అయ్యో, పిట్ట!" అన్నట్టు పైకి చూపిస్తూ కాగితం రుమాళ్లతో తుడవబోయింది. ఇంకొకతను నీళ్ల సీసా తెచ్చాడు. ఇంత దయ ఏ ఊళ్లో ఉంటుందని నేను పొంగిపోతున్నాను. మా ఆవిడ నా సంచీని రెండు చేతులా గుండెకు హత్తుకుని, తెలుగులో గట్టిగా "మాకేం వద్దు, పోండి!" అని అరిచింది. భాష తెలియకపోయినా అర్థమైంది, ఇద్దరూ పోయారు. వాసన చూస్తే అది ఆవపిండి సాస్. తుడిచేవాడు ఒకడు, జేబు కొట్టేవాడు ఇంకొకడు. మీద ఏది పడినా ఆగకుండా నడిచి ఏదైనా దుకాణంలోకి వెళ్లి తుడుచుకోండి. ఫోను రోడ్డు వైపు చేతిలో పట్టుకోకండి, బైకు మీద వచ్చి లాక్కుపోతారు. కాఫీ హోటల్లో సంచీ కుర్చీకి తగిలించకండి, ఒళ్లో పెట్టుకోండి. లా బోకాలో రంగురంగుల రేకుల ఇళ్ల కమినీతో పగలే చూసి, పగలే తిరిగి రండి. పోలీసులకు 911, అంబులెన్సుకు 107.

మాట విషయంలో రెండు చిట్కాలు. పుస్తకంలో నేర్చుకున్న స్పానిష్‌లో "య" అని పలికే చోట అక్కడ "ష" అంటారు. కాయె అంటే వీధి, అక్కడ కాషె. పోయో అంటే కోడి; అక్కడ పోషో. ఇందాకటి దండకంలో పోషో అన్నది అందుకే. రెండోది, రెతీరో రైలు స్టేషను ఎదురుగా ఒక గడియార స్తంభం ఉంది. 1910లో వాళ్ల శతాబ్ది ఉత్సవాలకు అక్కడి ఆంగ్లేయులు కానుకగా ఇస్తామని, 1916లో కట్టి ఇచ్చారు. ఇంగ్లీషువాళ్ల గోపురం అని పిలిచేవారు. 1982లో బ్రిటన్‌తో దీవుల కోసం యుద్ధం జరిగాక ఆ పేరు తీసేసి స్మారక గోపురం అన్నారు. ఎదుటి పార్కులో ఆ యుద్ధంలో పోయిన 649 మంది సైనికుల పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయి. ఆ దీవులను మన పుస్తకాల్లో ఫాక్లాండ్స్ అని చదువుకున్నాం. అక్కడ మాల్వినాస్ అనండి.

ఆ స్టేషన్లోనే తీగ్రె వైపు రైలెక్కితే సాన్ ఇసీద్రో వస్తుంది. 1924 నవంబరులో రవీంద్రనాథ్ ఠాగూరు పెరూ వెళ్లబోతూ ఇన్‌ఫ్లుయెంజాతో బ్యూనస్ ఎయిర్స్‌లో దిగిపోయారు. విక్తోరియా ఒకాంపో అనే రచయిత్రి ఆయనను సాన్ ఇసీద్రోలో నది కనిపించే ఇంట్లో ఉంచి చూసుకున్నారు. కొద్ది రోజులనుకున్నది దాదాపు రెండు నెలలైంది. పెరూ వెళ్లనే లేదు. ఆమెను విజయ అని పిలిచి, 'పూరబి' కవితలను ఆమెకు అంకితమిచ్చారు. దగ్గర్లోనే ఉన్న ఒకాంపో కుటుంబపు భవనాన్ని ఇప్పుడు చూడనిస్తారు. ప్రయాణ పట్టికలో ఒక రోజు ఖాళీగా వదిలిపెట్టుకోండని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు దొరకదు. నది అవతల ఉరుగ్వే ఓడలో గంటంబావు దూరమే కానీ, అది వేరే దేశం. వీసా సంగతి ముందే చూసుకోండి.

చివరగా, ఆ ఊరి గడియారంలో రెండు వేళలు గుర్తుంచుకోండి. ఆదివారం సాన్ తెల్మోలో దెఫెన్సా వీధి పొడవునా పాత వస్తువుల సంత. రెండోది, గురువారం మధ్యాహ్నం మూడున్నర, ప్లాసా దె మాయో. 1976లో సైన్యం అధికారం పట్టాక వేలమందిని ఎత్తుకుపోయారు. వాళ్ల తల్లులు 1977 ఏప్రిల్ 30న మొదటిసారి ఆ మైదానంలో చేరారు. గుంపుగా నిలబడకూడదు, నడవండి అన్నారు పోలీసులు. సరేనని నడిచారు. మధ్యలో ఉన్న స్తంభం చుట్టూ. ఆ తర్వాత, చిన్నప్పుడు తమ పిల్లలకు వేసిన గుడ్డలను తలకు చుట్టుకోవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ప్రతి గురువారం నడుస్తున్నారు. నేల మీద ఆ తెల్ల తలగుడ్డల బొమ్మలు గీసి ఉన్నాయి.

మేం వెళ్లిన గురువారం, తొంభై దాటినట్టున్న ఒకావిడ ఇంకొకరి చెయ్యి పట్టుకుని నడుస్తోంది. మా ఆవిడ సంచీ నా చేతికిచ్చి, ఫోను లోపల పెట్టేసి, వాళ్ల వెనక ఒక చుట్టు నడిచింది. మూడు వారాల్లో ఆ ఊరి సమయానికి సరిగ్గా మేం ఉన్న చోటు అదొక్కటే.